కొయ్యని పుటలోని వాక్యం

పోయినవారం మిమ్మల్ని మా ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టి, టీ కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాను. తప్పు నాది కాదు, పత్రికలో చోటు అయిపోయింది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి కథ ఎక్కడుందో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను.

నేను టాబితా పెల్లోని. కార్న్‌వాల్ తీరంలో ట్రెవానెక్ అనే చేపల ఊరికి మా అన్నయ్య ఆంబ్రోస్ పాదిరి. పెళ్ళీ పెటాకులూ లేని నేను పదకొండేళ్ళుగా ఆయన ఇంట్లోనే ఉన్నాను. మా వదిన డామరిస్ నాలుగు నెలలుగా ఒక లండన్ వారపత్రికకి నవల రాస్తోంది, ఆర్. హార్బిన్ అనే మగపేరుతో. దుప్పట్లు దాచుకునే గదిలో కూర్చుని ఆమె గొలుసుకట్టు రాతలో రాస్తే, నేను గుండ్రటి అక్షరాలతో సాపు రాసి పంపిస్తాను. సంపాదకుడి ఉత్తరాలు నా పేరు మీదే వస్తాయి. అన్నయ్యకి ఇదేమీ తెలియదు. పైగా ఆ నవలంటే ఆయనకి ప్రాణం. ఈస్టరు ప్రసంగంలో హార్బిన్ గారి వాక్యం ఒకటి చెప్పి, ఇంత లోతైన మగవాడు ఈ రోజుల్లో అరుదు అన్నాడు కూడా. వదిన ఆ రోజు తలవంచుకుని ప్రార్థన పుస్తకంలో ముఖం పెట్టేసింది.

ఆ నవలలో మార్గెరీ అనే ఇల్లాలు భర్త కెప్టెన్ స్ట్రోడ్‌ని వదిలేసి, చనిపోయిన పిన్ని ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. అతను వచ్చి తలుపు తడతాడు. సంపాదకుడి ఉత్తరం బుధవారం వచ్చింది. ఈ వారానికి తలుపు మూసి ఉంచితే ఉంచారు, పాఠకులు ఎదురుచూస్తారు. కానీ వచ్చేవారం మార్గెరీ తలుపు తీసి భర్త కాళ్ళ దగ్గర కూలబడాలి, లేకపోతే జ్వరం వచ్చి పోవాలి, ఏదైనా తనకి అభ్యంతరం లేదు అన్నాడు. అద్దె పుస్తకాల దుకాణాలవాళ్ళు వేరే ముగింపుని ముట్టుకోరట. వదిన ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి, మార్గెరీ తలుపూ తియ్యదు, చావనూ చావదు అంది. శనివారం మెయిలు బండికి ఆ అధ్యాయం వెళ్ళాలి.

అన్నయ్యకి తెలిస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ బాగా తెలుసు. పెళ్ళయిన ఆడదాని చేతిలో ఉన్నది ఏదైనా చట్టం దృష్టిలో మొగుడిదే, ఆమె రాసిన కాగితంతో సహా. ఆయన కావాలంటే మార్గెరీని చేతిలోకి తీసుకుని తనకి తోచిన దారిన నడిపించగలడు. కాదనడానికి వదినకి నోరుండదు.

ఇక గురువారం మధ్యాహ్నం.

గురువారాలు మా ఇంట్లో కుట్టుపని ఉంటుంది. ఊళ్ళోని పెద్దింటి ఆడవాళ్ళు తొమ్మిదిమంది వచ్చి, చేపలవాళ్ళ పిల్లలకి ఫ్లానెల్ లంగాలు కుడతారు. చేతులు పనిలో ఉండగా మనసులు ఖాళీగా ఉంటే ఊరి కబుర్లలోకి పోతాయని, అన్నయ్య వాళ్ళకి ఏదో ఒకటి చదివి వినిపిస్తాడు. మొదట్లో ప్రసంగాలు చదివేవాడు. హాజరు తగ్గింది. హార్బిన్ గారి నవల మొదలుపెట్టాక ఒంట్లో బాగోలేదని ఎప్పుడూ మంచాన పడివుండే మిస్ యూరెన్ కూడా వానలో నడిచి వస్తోంది.

అన్నయ్య చదివే తీరు ఒకటి చెప్పాలి. ఆయన కళ్ళు నోటికంటే రెండు వరుసలు ముందుంటాయి. ఆడవాళ్ళకి తగదని తోచిన ముక్క వస్తే ఒక్క దగ్గు దగ్గి దాన్ని దాటేస్తాడు. ఆ దగ్గు వినగానే తొమ్మిది సూదులూ ఆగిపోతాయి. దగ్గులో ఏం పోయిందో తెలుసుకోవాలని మర్నాడు మిసెస్ నాన్‌కారో ఏదో వంకతో మా ఇంటికి వచ్చి, పాత సంచిక ఓసారి చూసి ఇస్తాననేది. చేపల కొట్లు నడిపే ఆ విధవరాలి నోటికి ఊరంతా జడుస్తుంది. చూసి ఇచ్చేటప్పుడు మాత్రం ఆవిడ ముఖం ఎప్పుడూ చిన్నబోయేది. ఇంతేనా, నేనింకా ఏమో అనుకున్నాను అనేది.

ఆ వేళ పత్రిక అప్పుడే మెయిలు బండిలో వచ్చింది. చుట్టిన కాగితాన్ని మిసెస్ నాన్‌కారోయే తన చేత్తో చింపి అన్నయ్యకి అందించింది. ఈ పత్రికలకి పుటల అంచులు మడతల్లో కలిసే వస్తాయి, చదివేవాళ్ళు కాగితాల కత్తితో కోసుకుంటూ పోవాలి. అన్నయ్యకి అదో సంబరం. ముందే అన్నీ కొయ్యడు. ఒక్కో మడత దగ్గరా ఆగి, అందరినీ ఓసారి చూసి, కత్తి దూర్చి, సర్రున లాగుతాడు. ఊరిస్తున్నాడని తిట్టుకుంటూనే అందరం మెడలు చాచి చూస్తాం.

నేను వదిన పక్కనే కూర్చున్నాను. ఆమె ముందురోజు నుంచి ముద్ద మింగలేదు. ఒళ్ళో ఫ్లానెల్ పెట్టుకుని ఒకే చోట మళ్ళీ మళ్ళీ కుడుతోంది. వదినా, ఆ కుట్టు చాలు అని రెండుసార్లు గిల్లాను, వినలేదు.

అన్నయ్య గొంతు సవరించుకుని చదివాడు. వాన, గుర్రం, కెప్టెన్ స్ట్రోడ్ బూట్ల చప్పుడు, తలుపు మీద మూడు దెబ్బలు. మార్గెరీ దీపం పట్టుకుని నడవలోకి వచ్చింది. గడియ మీద చెయ్యి వేసింది. అక్కడ పుట అయిపోయింది. తర్వాతి మడత కొయ్యాలి, కత్తి కనపడలేదు.

తొమ్మిదిమందీ లేచి వెతికారు. బల్ల మీద లేదు, కుర్చీ కింద లేదు. అది ఎవరి ఫ్లానెల్ మడతల్లోకో జారిపోయింది. వెతుకుతూనే మిసెస్ నాన్‌కారో, ఇంతకీ తలుపు తీస్తుందంటారా పాదిరిగారూ అని అడిగింది. అన్నయ్యకి అంతకంటే ఏం కావాలి. పత్రిక గుండెలకి ఆనించుకుని, తీస్తుందమ్మా, ఎందుకు తియ్యదు, ఎంత తప్పు చేసినా పెళ్ళాం పెళ్ళామేగా, గడియ తీసి, ఆయన తడిసిన చేతులు పట్టుకుని, నన్ను క్షమించండి అంటుంది చూడండి అని ఆదివారం గొంతుతో కథ అల్లేశాడు. మిస్ యూరెన్ కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మా వదిన పప్పులో కాలేసింది.

తల ఎత్తలేదు. సూది ఆపలేదు. ఎవరో ప్రార్థన తప్పు చదివితే దిద్దినట్టు, మామూలుగా అంది.

"తియ్యలేదు. 'ఈ గడియ పెట్టించుకున్నది నేను. ఎప్పుడు తియ్యాలో నాకు మీరు చెప్పనక్కర్లేదు' అంది."

నా పైప్రాణాలు పైనే పోయాయి. మిగతావాళ్ళు నవ్వారు. పాదిరిగారి భార్య ఇంత ఘాటుగా ఊహించగలదని ఎవరూ అనుకోలేదు. మిసెస్ నాన్‌కారో అయితే, బాగా చెప్పావమ్మాయ్ అని మెచ్చుకుంది కూడా. ఈలోగా కత్తి దొరికింది. అన్నయ్య నవ్వుకుంటూనే మడతలో కత్తి దూర్చి లాగాడు. పుట తిప్పాడు. చదవడానికి నోరు తెరిచాడు.

నోరు అలాగే ఉండిపోయింది.

దగ్గు రాలేదు. ఆయన కళ్ళు ఒకే వరుస మీద మూడుసార్లు నడవడం నేను చూశాను. ఇంత ఆలస్యాన్ని మిసెస్ నాన్‌కారో ఎందుకు సహిస్తుంది? ఆయన భుజం మీదుగా వంగి, తనే పైకి చదివేసింది. ఈ గడియ పెట్టించుకున్నది నేను. ఎప్పుడు తియ్యాలో నాకు మీరు చెప్పనక్కర్లేదు. మాటకి మాట, చుక్కకి చుక్క.

మిస్ యూరెన్ పాపం, వేరే ప్రతిలో చూసి ఉంటుంది అని సర్దిచెప్పబోయింది. ఈ ఊరికి వచ్చేది ఒక్కటే ప్రతి అనీ, దాని చుట్టు తన చేత్తోనే చింపాననీ మిసెస్ నాన్‌కారో నెమ్మదిగా గుర్తుచేసింది. అలా అంటూ మా వదిననే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. నాలుగు నెలలుగా దగ్గుల వెనక ఏముందో వెతుక్కున్న మనిషికి, దగ్గులకి అసలు కారణం ఎదురుగా కూర్చుని లంగా కుడుతూ కనపడింది.

వాళ్ళు అరగంట ముందే లేచారు. నేను పొద్దున్నే లేచి చేసిన కుంకుమపువ్వు రొట్టెలు ఒక్కరూ ముట్టుకోలేదు. ట్రెవానెక్‌లో ఆడవాళ్ళు రొట్టె ముట్టకుండా లేచారంటే, సాయంత్రంలోపు ఆ కబురు రేవు దాటిపోతుందని అర్థం.

అన్నయ్య మమ్మల్నిద్దరినీ తన రాతగదిలోకి పిలిచాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, ఆయన అరుపులు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఆయన పత్రిక బల్ల మీద పెట్టి, దాన్నీ వదిననీ మార్చి మార్చి చూశాడు. కొత్త జంతువుని చూసినట్టు చూశాడు.

మొదట ఒకటే అడిగాడు, ఎన్నాళ్ళ నుంచి అని. నాలుగు నెలలు అంది వదిన. ఈస్టరుకి ముందేనా అన్నాడు. ముందే అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బిషప్ గారు కూర్చున్న ఆ ప్రసంగంలో తన భార్య వాక్యాన్నే తను మగతనానికి మచ్చుతునకగా చూపించాడు. నాకు ఆయన మీద జాలేసింది, నిజం చెప్పాలి కదా. చదువుకున్నవాడు, మంచివాడు, వదిన మీద ఒక్కనాడూ చెయ్యెత్తినవాడు కాదు. ఆమె ఏం ఆలోచిస్తుందో తనకి తెలుసని మాత్రం పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా గట్టిగా నమ్మాడు.

"మార్గెరీ ఎందుకు వెళ్ళిపోయింది?" అన్నాడు ఉన్నట్టుండి. "స్ట్రోడ్ కొట్టాడా? తాగాడా? నాలుగు నెలలుగా చదువుతున్నాను, నాకు కనపడలేదు."

"అతను ఆమెని ఎప్పుడూ ఏమీ అడగలేదండీ," అంది వదిన. "అన్నీ తనకే తెలుసుననుకున్నాడు."

ఆ మాటకి బదులు చెప్పింది భర్త కాదు, పాదిరి. ఊరు ఏమంటుంది, బిషప్ గారి చెవిన పడితే ఏమవుతుంది, పాదిరి పెళ్ళాం మొగుడిని గడప బయట నిలబెట్టే కథలు రాస్తుందంటే రేపు పెళ్ళి ప్రమాణాలు ఏ ముఖం పెట్టుకుని చదివించాలి అన్నాడు. అన్నీ న్యాయంగానే ఉన్నాయి, అదే చిక్కు. చివరికి తేల్చింది ఏమిటంటే, నవల ఆపనక్కర్లేదు. మధ్యలో ఆపితే మరీ అల్లరి. మిగతా అధ్యాయాలు తను రాస్తాడు. మార్గెరీ రేపు పొద్దున్నే తలుపు తీస్తుంది. ఆమె నోట ఏ మాటలు పలికించాలో ఆయన అప్పుడే అనుకున్నాడు కూడా. చెబుతుంటే కళ్ళు మెరిశాయి. నాలుగు నెలలుగా ఆ కథలో వేలు పెట్టాలని ఆయన చెయ్యి దురదపెడుతోందని నాకు ఆ క్షణాన అర్థమైంది.

"నీ కాగితాలు తెచ్చి ఇవ్వు డామరిస్," అన్నాడు. "అడగాల్సిన పని కూడా లేదు, అయినా అడుగుతున్నాను."

వదిన కదల్లేదు. ఆమె ముఖంలో రక్తం లేదు. నేను ఆ ముఖం చూశాను, బల్ల మీద పత్రిక చూశాను, నా నోరు నన్ను అడక్కుండా లేచింది.

"అవి వదినవి కావు అన్నయ్యా. రాసింది నేను."

ఇద్దరూ నావైపు తిరిగారు. ఎవరు ఎక్కువ ఆశ్చర్యపోయారో చెప్పలేను. మొదలుపెట్టాక ఆగితే ఎలా? గబగబా చెప్పుకుపోయాను. ప్రతి కాగితం మీదా రాత నాది. సంపాదకుడి ఉత్తరాలన్నీ నా పేరుకే వచ్చాయి. రాసినదల్లా వదినకి చదివి వినిపిస్తాను, అందుకే ఆ వాక్యం ఆమె నోట్లో నానింది. ఇప్పటిదాకా నన్ను కాపాడటానికే నేరం నెత్తిన వేసుకుంది. ఆఖరి ముక్క మాత్రం నెమ్మదిగా అన్నాను.

"నాకు మొగుడు లేడు కదా. నేను రాసింది నాదే అవుతుంది, ఎవరికీ ఇవ్వనక్కర్లేదు."

అన్నయ్య సొరుగులోంచి నా పాత ఉత్తరం ఒకటి తీసి, నేను తెచ్చి చూపిన సాపు కాగితం పక్కన పెట్టుకున్నాడు. రాత కలిసింది. అయినా ఆయన ముఖంలో నమ్మకం పూర్తిగా దిగలేదు. చిన్నప్పుడు జామ్ సీసా పగిలితే ఒక అబద్ధం అల్లడం కూడా చేతకాని చెల్లెలు నేను, అది ఆయనకి బాగా తెలుసు. కానీ ఈ అబద్ధం ఆయనకి నచ్చింది. పెళ్ళికాని ఆడపడుచు కథలు రాసుకుంటే ఊరు నవ్వి ఊరుకుంటుంది. పాదిరి పెళ్ళాం రాస్తే నవ్వదు.

ఆయన కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, నాలుగు వరుసలు రాశాడు. సిరా ఆరడానికి ఇసక చల్లి, దాన్ని వదిన ముందుకి తిప్పాడు. ఆర్. హార్బిన్ పేరుతో వస్తున్న నవలలో ఒక్క వాక్యమూ తనది కాదనీ, ఇకముందు ఎన్నడూ తనదని చెప్పుకోననీ, డామరిస్ పెల్లో అనే తను దేవుడి సాక్షిగా రాసి ఇస్తున్నాననీ అందులో ఉంది. రేపు పొద్దున్నే అది మిసెస్ నాన్‌కారోకి చూపిస్తానన్నాడు. ఆవిడకి చూపిస్తే చాలు, ఊరంతటికీ చూపించినట్టే.

"నిజమే అయితే సంతకం పెట్టడానికి కష్టమేముంది," అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

వదిన కలం తీసుకుంది. సిరాలో ముంచింది. అప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె కోసమే అబద్ధమాడాను, ప్రమాణం చేసి చెబుతాను. కానీ ఆ కలం కాగితం మీదికి వంగుతుంటే, ఇంకో నిమిషంలో ఆ నవల నాదవుతుందన్న మాట నా మనసులో మెదిలింది. మెదిలి, తియ్యగా అనిపించింది. అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

కలం కాగితానికి అంగుళం దూరంలో ఆగింది.

"టాబితా," అంది వదిన, నావైపు చూడకుండా. "నీ కథే కదా. రేపు పొద్దున మార్గెరీ తలుపు తీస్తుందా?"

అన్నయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయనకీ తెలుసుకోవాలనే ఉంది.

తియ్యదు అనాలి. ఆమె ఆ ఒక్క మాట కోసమే అడిగింది. ఆ మాట అంటే సంతకం పెట్టేసేది, తలుపు మూసే ఉండేది, మేమిద్దరం దుప్పట్ల గదిలో ఎప్పటిలా పని చేసుకునేవాళ్ళం. కానీ నాలుగు నెలలుగా ఆ కథని అక్షరం అక్షరం దిద్ది రాసింది నేను. గడియ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకొకటే అనిపించేది. క్షమించమని కాదు, జాలిపడి కాదు, వానలో నిలబడ్డ ఆ మనిషి ముఖం దీపం వెలుగులో ఎలా ఉందో చూడటానికి మార్గెరీ తలుపు తీస్తే బాగుండునని. ఒక్కసారి అతన్ని నిలబెట్టి అడగాల్సినవన్నీ అడిగితే బాగుండునని. ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో టీ ఎంతసేపు నానాలో తప్ప దేనికీ నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. మొదటిసారి అడిగారు. ఇద్దరూ అడిగారు.

"తీస్తుంది వదినా," అన్నాను.

అన్నయ్య ముఖం విప్పారింది. నా తల నిమిరినంత పని చేశాడు. నేను ఆయనతో, మీరనుకున్నట్టు కాదు అని చెప్పబోయాను. వదిన నన్ను చూసింది. అంతకుముందెప్పుడూ ఆమె నన్ను అలా చూడలేదు. పరాయి మనిషిని చూసినట్టు చూసి, తర్వాత ఏదో అర్థమైనట్టు చిన్నగా తల ఊపింది.

కలం తుడిచి బల్ల మీద పెట్టేసింది. ఆ కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి అన్నయ్య చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"అయితే అది నేను రాసిందేనండీ," అంది. "ప్రతి మాటా నాదే. ఇప్పుడు మీరేం చేస్తారో చెయ్యండి."